2014 సీఆర్‌వీని మోటార్‌హోమ్ వెనక కట్టిన కేసు: ఇనుము పని సగమే, మిగతాదంతా వైర్లు

మోటార్‌హోమ్ కొన్న వాళ్ళందరికీ మొదటి ట్రిప్పులోనే ఒక విషయం తెలిసొస్తుంది. పార్కులో బండి పెట్టి, జాకీలు దించి లెవెల్ చేసి, కరెంటు కేబుల్, నీళ్ళ పైపు, మురుగు పైపు అన్నీ తగిలించుకున్నాక పెరుగు అయిపోయిందని అంత పెద్ద బండిని మళ్ళీ రోడ్డెక్కించలేం. అందుకే వెనకాల ఒక చిన్న కారు కట్టుకుని పోతారు. నేను డాలస్ దగ్గర ఆర్వీ, అంటే మోటార్‌హోమ్‌ల సర్వీస్ పని చేస్తా, కార్లు కట్టే సామాను బిగించడం మాకు మామూలే. మొన్నామధ్య చేసిన ఒక కేసు మొత్తం రాస్తున్నా, ఎందుకంటే కారు ఎంచుకోవడం దగ్గర్నుంచి వైరింగ్ దాకా ఈ పనిలో వచ్చే తలనొప్పులు చాలావరకు ఇందులోనే వచ్చాయి.

కస్టమర్ గుంటూరు వైపాయన, ఈ మధ్యే రిటైర్ అయ్యారు, నేను అంకుల్ అనే పిలుస్తా. సెకండ్ హ్యాండ్‌లో క్లాస్ ఏ కోచ్, అంటే బస్సులా ఉండే పెద్ద మోటార్‌హోమ్ కొన్నారు, కింద ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్, వీ10 పెట్రోల్ ఇంజన్. కారుని కోచ్ వెనక తగిలించి లాగే టో బార్ కూడా ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకుని, కొడుకు 2019 హోండా సీఆర్‌వీ ఆల్ వీల్ డ్రైవ్ నడుపుకుంటూ వచ్చేశారు. "అన్నీ చూసుకున్నా బాబూ, నువ్వు బిగించేస్తే చాలు" అన్నారు. నేను ఆ కారు చూడగానే, అంకుల్ ఇది నాలుగు చక్రాల మీద లాగడానికి పనికిరాదు అని చెప్పేశా. ఆయనకి కోపమొచ్చింది, పార్కుల్లో సీఆర్‌వీలు కట్టుకుని తిరుగుతున్న వాళ్ళని బోలెడు మందిని చూశానయ్యా అన్నారు. అదీ నిజమే. కాకపోతే ఆయన చూసినవన్నీ 2014, అంతకన్నా పాత మోడళ్ళు.

2014 వరకూ సీఆర్‌వీలో మామూలు 5 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండేది, మోటార్‌హోమ్ వెనక నాలుగు చక్రాలూ రోడ్డు మీదే పెట్టి లాగొచ్చని హోండా వాళ్ళే మాన్యువల్‌లో రాసి, ఎలా లాగాలో కూడా ఇచ్చారు. 2015లో సీవీటీ, అంటే విడి గేర్లకి బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్ వచ్చింది, దాంతో ఆ పర్మిషన్ పోయింది. గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిప్పే పంపు ఇంజన్‌తో తిరుగుతుంది. ఇంజన్ ఆపేసి చక్రాలు మాత్రం గంటల తరబడి తిరుగుతుంటే లోపల భాగాలకి ఆయిల్ అందదు, సీవీటీ దాన్ని అస్సలు తట్టుకోదు. బయటికి చూస్తే రెండూ సీఆర్‌వీలే, బ్యాడ్జి కూడా అదే, కానీ లోపల యంత్రం వేరే. ఏ కారైనా సరే, టో బార్ కొనేముందు ఓనర్స్ మాన్యువల్ తీసి రిక్రియేషనల్ టోయింగ్ అన్న సెక్షన్ చూడాలి, ఫ్రెండు చెప్పాడనో వీడియోలో చూశాననో కాదు, మీ మోడల్, మీ ఇయర్, మీ గేర్‌బాక్స్ పేరు అందులో ఉండాలి, లేకపోతే అక్కడితో ఆ కారు సంగతి వదిలెయ్యాలి.

సరే దీన్ని ట్రైలర్ మీద ఎక్కిద్దాం అన్నారు అంకుల్. అప్పుడు లెక్క వేసి చూపించాల్సొచ్చింది. ఆ ఛాసిస్‌కి బండి ఒక్కదాని గరిష్ఠ బరువు 22,000 పౌండ్లు, వెనక లాగేదానితో కలిపి 26,000. వెనక హిచ్, అంటే టో బార్ దూర్చి తగిలించే ఇనప రిసీవర్, దాని మీద స్టిక్కర్ 5,000 అంటుంది. "5,000 అని రాసుందిగా?" అన్నారు. రాసుంది, కానీ అది ఆ ఇనప రిసీవర్ తట్టుకునే బరువు, బండి లాగి ఆపగలిగే బరువు కాదు. కోచ్ నిండా సామాను, నీళ్ళు, పెట్రోలు నింపి 22,000కి తెస్తే మిగిలేది 4,000 మాత్రమే. కారు ట్రైలర్ ఒక్కటే 1,800 నుంచి 2,000 పౌండ్లు ఉంటుంది, దాని మీద 3,400 పైచిలుకు కారు ఎక్కిస్తే స్టిక్కర్ లెక్క కూడా దాటిపోతుంది. ముందు రెండు చక్రాలు మాత్రమే ఎక్కించే టో డాలీ ఉంది కదా అంటారు కొందరు, అది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకి, ఆల్ వీల్ డ్రైవ్‌కి కుదరదు.

ఇంతసేపూ మాట్లాడాక వెళ్ళబోతూ, ఇంట్లో మీ ఆంటీ నడిపే 2014ది ఒకటుందిలే, పాతది, అన్నారు. ఆ ముక్క ముందే చెప్పుంటే గంట కలిసొచ్చేది. అది కూడా ఆల్ వీల్ డ్రైవే, సుమారు 3,500 పౌండ్లు, మాన్యువల్ ఒప్పుకుంటుంది, ముందు బంపర్ వెనక రాడార్లూ అవీ లేవు. కొత్త కార్లలో గ్రిల్ వెనక షట్టర్లు, క్రూజ్ కంట్రోల్ రాడార్ ఉంటాయి, బ్రాకెట్ పెడితే వాటికి అడ్డమొస్తుంది, వాటిని కదిలించి మళ్ళీ కాలిబ్రేట్ చేయించడం ఇంకో ఖర్చు. ఆంటీ మాత్రం "నా కారే దొరికిందా మీకు" అన్నారు, ఆవిణ్ణి ఒప్పించే పని అంకుల్‌కే వదిలేశా.

టో బార్‌గా బ్లూ ఆక్స్ అవైల్ తీసుకున్నాం, 10,000 పౌండ్ల రేటింగ్, కోచ్‌కే తగిలించి ఉంటుంది, రెండు చేతులు సాగి కారుకి అందుతాయి, కోచ్ కాస్త ముందుకి కదిలితే చేతులు పూర్తిగా సాగి వాటంతటవే లాక్ అవుతాయి. 3,500 కారుకి 10,000 బార్ ఎందుకు అని అడిగారు. రేపు కారు మారిస్తే బార్ మార్చక్కర్లేదు, అందుకే. అయితే మొత్తం వరసలో దేని రేటింగ్ తక్కువో అదే అసలు రేటింగ్. బార్ 10,000 అయినా హిచ్ 5,000 అయితే లెక్క 5,000కే, హిచ్‌కీ బార్‌కీ మధ్యలో ఎత్తు దించడానికి పెట్టే డ్రాప్ రిసీవర్‌కీ అదే రూలు.

డ్రాప్ రిసీవర్ ఎందుకంటే, ఎత్తు. కోచ్ రిసీవర్ ఎత్తుగా ఉంది, కారు బ్రాకెట్ దానికన్నా 5 అంగుళాలు కిందికి వచ్చింది. బార్ దాదాపు నేలకి సమాంతరంగా ఉండాలి, 3 అంగుళాలకి మించి తేడా ఉంటే నేను ఒప్పుకోను. వాలు ఎక్కువైతే గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు వెనక కారు తోపు నేరుగా రాదు, ఏటవాలుగా తోస్తుంది, బార్ మీదా బ్రాకెట్ మీదా వాటిని చేసినవాడు ఊహించని లోడ్ పడుతుంది. 4 అంగుళాల డ్రాప్ పెడితే తేడా అంగుళానికి వచ్చింది. ఈ కొలత కోచ్ నిండా సామాను ఉన్నప్పుడు తియ్యాలి, ఖాళీ బండికి తీస్తే వెనక భాగం తర్వాత కిందికి దిగి లెక్క మారుతుంది.

ఇక బేస్ ప్లేట్, అంటే కారు ముందు భాగంలో టో బార్ తగిలించే బ్రాకెట్. కారు ముందు ప్లాస్టిక్ బంపర్ కవర్ మొత్తం ఊడదీయాలి: పైన గ్రిల్ దగ్గర క్లిప్పులు, చక్రాల గూడు లోపల స్క్రూలు, కింద 10 ఎంఎం బోల్టులు, ఫాగ్ లైట్ల కనెక్టర్లు. పాత కారు కాబట్టి క్లిప్పులు సగం విరిగిపోతాయి, అందుకే నేను కొత్త క్లిప్పుల డబ్బా ముందే పక్కన పెట్టుకుంటా. కవర్ తీశాక లోపల ఇనప బీమ్ కనిపిస్తుంది, అదీ విప్పి, ఫ్రేమ్ రైళ్ళ చివర బ్రాకెట్ కూర్చోబెట్టి, ఇచ్చిన చోట డ్రిల్ చేసి, బోల్టులకి వదులవకుండా థ్రెడ్ లాకర్ జిగురు పూసి, కంపెనీ కాగితంలో ఉన్న టార్క్‌కి, అంటే చెప్పినంత బిగువుకి బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో గర్రుమని బిగించి అయిపోయిందనే వాళ్ళని చూశా, ఇది చక్రం నట్టు కాదు, 3,500 పౌండ్లు నెలల తరబడి కుదుపుతూ ఉండే జాయింటు, టార్క్ రెంచ్ తప్ప ఇంకోటి ఒప్పుకోను. కవర్ తిరిగి పెట్టేటప్పుడు కింది గ్రిల్‌లో బ్రాకెట్ చెవులు బయటికి రావడానికి రెండు చిన్న గాట్లు కొయ్యాలి, మిగతా అంతా దాగిపోతుంది. ఆంటీ వచ్చి చుట్టూ తిరిగి చూసి, పర్లేదు, కారు కారులానే ఉంది అన్నారు. ఈ పనిలో అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ రాదు.

ఇనుము ఇక్కడితో అయిపోయింది. చాలామంది టో బార్ తగిలితే పని అయిపోయినట్టే అనుకుంటారు, అసలు పని ఇప్పుడే మొదలు, ఎందుకంటే వెనక కారు ముందు బండితో పాటు ఆగాలి, దాంతో పాటు లైట్లు వెలగాలి, రోజంతా లాగినా బ్యాటరీ చావకూడదు.

మొదట బ్రేకులు. 3,500 పౌండ్లకి వేరే బ్రేక్ ఎందుకు, కోచ్ బ్రేకులు చాలవా అని అంకుల్ అడిగారు. రాష్ట్రానికో రూలు ఉంది, ఒకచోట ఒక బరువు దగ్గర తప్పనిసరి, ఇంకోచోట వేరే. కానీ ఛాసిస్ కంపెనీ మాట అంతకన్నా కఠినం, ఫోర్డ్ టోయింగ్ గైడ్‌లోనే వెనక లాగేది 1,500 పౌండ్లు దాటితే దానికి విడిగా పనిచేసే బ్రేక్ సిస్టమ్ ఉండాలని ఉంది. అక్కడితో చర్చ ముగిసింది.

దీనికి రెండు దారులు. డ్రైవర్ సీటు ముందు పెట్టే పెట్టె ఒకటి, అది పెడల్‌ని తోస్తుంది, చవక, ఏ కారుకైనా మార్చుకోవచ్చు, కానీ ప్రతిసారీ పెట్టాలి, తియ్యాలి, సర్దాలి. అరవై దాటిన వాళ్ళు నాలుగో క్యాంప్‌సైట్‌కి వచ్చేసరికి దాన్ని డిక్కీలో పడేసి బ్రేకు లేకుండా లాగేస్తారు, అందుకే నేను పర్మనెంట్‌గా బిగించేదే చెప్తా. ఈ కారుకి డెమ్‌కో స్టే-ఇన్-ప్లే డ్యూయో పెట్టాం. దీనికి రెండు సిగ్నల్స్ కావాలి, కోచ్ బ్రేక్ లైటు వెలగాలి, బండి వేగం తగ్గుతున్నట్టు లోపలి సెన్సర్‌కి కూడా తెలియాలి, రెండూ కలిస్తేనే పెడల్‌ని లాగుతుంది. దిగుడు రోడ్డు మీద పెడల్ మీద ఊరికే కాలు ఆనించి ఉంచితే వెనక కారు బ్రేకులు కాలిపోకుండా ఉండేది దీనివల్లే.

ఇంజన్ ఆపి ఉన్న కారులో బ్రేక్ పెడల్ రెండు మూడుసార్లు నొక్కి చూడండి, బిగుసుకుపోతుంది. పెడల్ తేలిగ్గా దిగేలా సాయపడే బూస్టర్‌లో వ్యాక్యూమ్ అయిపోతుంది కాబట్టి. ఈ యూనిట్‌కి సొంత వ్యాక్యూమ్ పంపు ఉంది, బూస్టర్ గొట్టంలోకి కలపాలి, కలిపే చోట ఇంజన్ వైపు ఒక వన్ వే వాల్వ్ పెట్టాలి, లేకపోతే పంపు తీసిన వ్యాక్యూమ్ అంతా ఆగిపోయిన ఇంజన్‌లోకి పోతుంది. వాల్వ్ మీద బాణం గుర్తు ఉంటుంది. పెడల్‌కి కేబుల్ క్లాంప్ పెట్టాక డ్రైవర్ సీట్లో కూచుని పెడల్ పూర్తిగా పైకి వస్తోందా, వెనక బ్రేక్ లైట్లు ఆరిపోతున్నాయా చూడాలి. క్లాంప్ ఒక్క పిసరు ఎక్కువ లాగినా బ్రేక్ ప్యాడ్లు రోజంతా రాసుకుంటూ పోతాయి, ముప్పై నలభై అడుగుల ముందు కూచున్న డ్రైవర్‌కి పొగ వచ్చేదాకా తెలియదు. అందుకే కోచ్ డ్యాష్ మీద ఒక చిన్న లైటు పెడతాం, వెనక పెడల్ కదిలితే అది వెలుగుతుంది.

బ్రేక్ అవే స్విచ్ కూడా ఉంది, కారు ఎప్పుడైనా ఊడిపోతే సన్న కేబుల్ పిన్నుని లాగి కారు బ్రేకులు బిగిస్తుంది. ఆ కేబుల్‌ని కోచ్ ఫ్రేమ్‌కే కట్టాలి, డ్రాప్ రిసీవర్‌కి కాదు. రిసీవర్ పిన్నే ఊడిందనుకోండి, రిసీవర్, బార్, కేబుల్, కారు అన్నీ కలిసే వెళ్ళిపోతాయి, పిన్ను లాగేవాడు ఉండడు.

లైట్లకి రెండు పద్ధతులు, కారు వైరింగ్‌లోనే కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లు కలపడం ఒకటి, టెయిల్ ల్యాంప్ లోపల విడిగా బల్బు పెట్టడం ఇంకోటి. ఇక్కడ విడి బల్బులే పెట్టాం, టెయిల్ ల్యాంప్ విప్పి వెనక రంధ్రం కొట్టి, ఖాళీ ఉన్న చోట సాకెట్ కూర్చోబెట్టి, కారు వైరింగ్ జోలికి వెళ్ళకుండా. కొంచెం పని ఎక్కువ, కానీ యూనిట్ పెడల్ నొక్కినప్పుడు కారు సొంత బ్రేక్ లైట్లతో కొత్త ఇండికేటర్ల గొడవ ఉండదు.

అన్నీ కలిపి కోచ్ ప్లగ్గు పెట్టి ఎడమ ఇండికేటర్ వేశాం, బాగుంది. దానితో పాటు బ్రేక్ నొక్కితే రెండు వైపులా లైట్లు మసకగా మినుకుమంటున్నాయి. ఇలాంటప్పుడు అందరూ కారు వైపు కొత్త పని విప్పడం మొదలుపెడతారు. నేను ముందు కారు ప్లగ్గు పీకేశా, కోచ్ వెనక సాకెట్‌ని ఒంటరిగా చూద్దామని. మీటరు పెడితే చార్జింగ్ పిన్ను, అంటే కోచ్ నుంచి కారు బ్యాటరీకి కరెంటు పంపే పిన్ను దగ్గర 12.4 వోల్టులు, చక్కగా ఉంది. కానీ మీటరు దాదాపు కరెంటే తీసుకోదు, ఒకే ఒక్క తీగపోగు మిగిలి ఉన్నా అది 12 చూపించేస్తుంది. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి రెండు వైర్లు తగిలించి నా పెట్టెలో ఎప్పుడూ ఉంటుంది, నాలుగున్నర ఆంప్స్ దాకా లాగుతుంది. అది తగిలించగానే 12.4 కాస్తా 7కి పడిపోయింది, బల్బు ఎర్రగా కుంపటిలో నిప్పులా ఉంది తప్ప వెలుగు లేదు.

కోచ్ కిందికి దూరి సాకెట్ వెనక వైర్లు పట్టుకుని పోతే రెండు దొరికాయి. చార్జింగ్ వైరు మధ్యలో మామూలు నీలం క్రింప్ కనెక్టరు, సీలింగ్ లేదు, లోపల రాగి పచ్చగా పొడైపోయింది, చేత్తో లాగితే ఊడి వచ్చింది. గ్రౌండ్ వైరుని పెయింట్ మీదే స్క్రూ పెట్టి బిగించారు, చుట్టూ తుప్పు. కోచ్ కట్టినప్పుడే అలా వచ్చిందో మధ్యలో ఎవరైనా కెలికారో తెలీదు, సెకండ్ హ్యాండ్ బండి. గ్రౌండ్ బాగా లేనప్పుడు కరెంటు తిరిగి వెళ్ళడానికి ఇంకో దారి వెతుక్కుంటుంది, పక్క బల్బు గుండా పోతుంది, లైట్లు మినుకుమన్నది అందుకే. 10 గేజ్ వైరు కొత్తది లాగాం, పెయింట్ గీకి మెరిసే ఇనుము మీద గ్రౌండ్ వేశాం, కనెక్టర్లు వేడి చేస్తే సీల్ అయ్యే రకం వాడాం. మళ్ళీ అదే బల్బు పెడితే 12 దగ్గర నిలబడింది, మసక లైట్లూ పోయాయి. కారు వైపు ఒక్క వైరు కూడా కదపలేదు.

ఈ చార్జింగ్ లైను అంత ముఖ్యమా అంటే, ఈ కారుకి చాలా ముఖ్యం. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం యాక్సెసరీ పొజిషన్‌లో ఉంచాలి, దాంతో కారులో కొన్ని కరెంటు లాగుతూనే ఉంటాయి, పైగా వ్యాక్యూమ్ పంపు. లైను లేకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాగితే క్యాంప్‌లో కారు స్టార్ట్ అవదు, పైగా బ్రేక్ అవే పనిచేసేది కూడా అదే బ్యాటరీతో. ఇంకో చిన్న విషయం, తాళం ఇగ్నిషన్‌లోనే ఉంటుంది కాబట్టి దారిలో డోర్లు లాక్ చేయాలంటే రెండో తాళం జేబులో ఉండాలి, ఆంటీ దగ్గర ఒక్కటే ఉంది, ముందు అది చేయించుకోమన్నా.

కట్టే ముందు చేయాల్సిన పద్ధతి అంకుల్ చేత మా యార్డ్‌లోనే పదేపదే చేయించా. గేర్‌బాక్స్ ఆయిల్ ముందే కొత్తది, హోండా డీడబ్ల్యూ-1, పోశాం. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ నొక్కి, లివర్‌ని అన్ని గేర్లలోకి తిప్పి, డ్రైవ్‌లో పెట్టి అక్కడ్నుంచి న్యూట్రల్‌కి రావాలి, రివర్స్ నుంచి నేరుగా న్యూట్రల్‌కి రాకూడదు. ఇంజన్ 3 నిమిషాలు నడవనిచ్చి ఆపి, తాళం యాక్సెసరీలో ఉంచి, హ్యాండ్ బ్రేక్ దించాలి. ఎక్కువ సేపు లాగితే 8 గంటలకోసారి ఇదంతా మళ్ళీ చెయ్యాలి. స్పీడు 65 మైళ్ళు దాటకూడదు. టెక్సస్‌లో 75 బోర్డు చూసి కాలు ఆగదు, అంకుల్ డ్యాష్ మీద 65 అని కాగితం అతికించుకున్నారు. కారు టైర్లకి కూడా ప్రెజర్ సెన్సర్లు పెట్టాం, వెనక టైరు పేలినా ముందున్నవాళ్ళకి కుదుపు తెలియదు, రిమ్ము మీద మైళ్ళు పోయాక పక్కన పోయే ట్రక్కువాడు హారన్ కొడితే తెలుస్తుంది.

మొదటి పెద్ద ట్రిప్పు కొలరాడోకి. ఫోర్ట్‌వర్త్ నుంచి 287 హైవే మీద అమరిల్లో, అక్కడ్నుంచి డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా రటోన్. రటోన్ పాస్ ఎత్తు 7,834 అడుగులు, ట్రినిడాడ్ వైపు దిగుడు. పైన్నే చిన్న గేర్‌లోకి మార్చి ఇంజన్ పట్టు మీద దిగమనీ, బ్రేక్ ఊరికే ఆనించకుండా అవసరమైనప్పుడు గట్టిగా కొట్టి వదిలెయ్యమనీ చెప్పా. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి ఇచ్చా, దిగాక కారు చక్రాలు నాలుగూ కొలిచి ఫోటోలు పెట్టమని. వాట్సాప్‌లో వచ్చాయి, ముందు రెండూ దాదాపు ఒకటే, వెనక రెండూ కాస్త తక్కువ, అలాగే ఉండాలి. ఒక పక్క మాత్రమే కాలుతుంటే ప్యాడ్ పట్టేసిందని అర్థం.

దారిలో ఒక చిన్న ఊళ్ళో పెట్రోల్ బంకులోకి దూరి బయటికి రాలేక ఇరుక్కున్నారు. కారు కట్టి ఉన్నప్పుడు రివర్స్ అస్సలు చెయ్యకూడదు, కారు ముందు చక్రాలు ఎటో తిరిగిపోయి బార్ వంగుతుంది. మలుపులో ఇరుకున ఆగితే చేతుల మీద బిగువు ఉండి పిన్నులు రావు, అప్పుడు కారు స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం తిప్పితే బిగువు తగ్గి వస్తాయని ఫోన్లో చెప్పా, వచ్చాయి. ఆ తర్వాత నుంచి లవ్స్, పైలట్ లాంటి పెద్ద ట్రక్ స్టాపుల్లోనే పోయించుకుంటున్నారు, దూరి నేరుగా బయటికి వెళ్ళే లేన్లు ఉంటాయి కాబట్టి.

తిరిగొచ్చాక బండి మా దగ్గరికే తెచ్చారు. బేస్ ప్లేట్ బోల్టులు టార్క్ చూశాం, కదల్లేదు. సెన్సర్లు, లైట్లు, బ్రేక్ అవే పిన్ను బాగున్నాయి. బార్ ఊడినా కారు విడిపోకుండా కట్టే సేఫ్టీ కేబుళ్ళలో ఒకటి మాత్రం వేలాడి రోడ్డుకి రాసుకుని పైన ప్లాస్టిక్ తొడుగు పోయి లోపల స్టీల్ పోగులు రెండు మూడు తెగి ఉన్నాయి. డ్రాప్ రిసీవర్‌తో బార్ నేలకి దగ్గరైంది, ఆయన క్యాంపుల్లో విప్పి కట్టేటప్పుడు కేబుళ్ళని బార్ కింద ఎక్స్ ఆకారంలో దాటించకుండా ఒకే పక్కకి వదిలేశారు. పోగు తెగిన కేబుల్‌ని వాడకూడదు, జత మొత్తం మార్చి, చుట్టలు తిరిగి ఉండే రకం వేసి, బార్ మీద క్లిప్పుల్లో కూర్చోబెట్టాం.